ఎర్రమంచిలో ఒక పాత ప్రోగ్రాము

బెంగళూరు నుంచి ధర్మవరం వైపు పోయే రైల్లో పొద్దున్నే బయలుదేరాను. ఎలహంక, దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు దాటాక హిందూపురం, ఆ తర్వాత పెనుకొండ. టికెట్టు ముందురోజు రాత్రి ఫోన్‌లోనే తీసుకున్నాను. ఒక పాత ప్రోగ్రాము పని మీద వెళ్తున్నందుకేమో, చేతిలోని టికెట్టు గురించే ఆలోచన సాగింది. రైల్వేల సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ తయారుచేసిన ‘కాన్సర్ట్’ అనే రిజర్వేషన్ ప్రోగ్రాము 1994లో మొట్టమొదట నడిచింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి సికింద్రాబాద్, ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై కేంద్రాలు ఐదూ ఒక్కటిగా ముడిపడ్డాయి. 2002లో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ టికెట్లు మొదలుపెట్టినప్పుడు ఆ పాత వ్యవస్థను ఎవరూ పడగొట్టలేదు. బెర్తులు, కోటాలు, వెయిటింగ్ లిస్టు లెక్కలన్నీ దాని దగ్గరే ఉంచి, బయటివాళ్లు దాన్ని అడిగి జవాబు తీసుకునే ఏర్పాటు మాత్రం కొత్తగా చేశారు. కౌంటర్ దగ్గర నిలబడ్డ రైతూ, ఫోన్‌లో వేలు కదిపే ఉద్యోగీ ఒకే బెర్తు కోసం అడిగినా అది ఒక్కరికే దక్కుతుంది. నేను చేసే వృత్తి ఇదే. పాత ప్రోగ్రాములను కొత్త వాటితో మాట్లాడించడం.

ఎర్రమంచి దగ్గర కారు విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ పిలిచింది. వాళ్ల బిల్లులు రాసేది ఫాక్స్‌ప్రో ప్రోగ్రాము. దాన్ని జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌తో, ఈ-వే బిల్లుతో, సరుకు కొనే కంపెనీల వ్యవస్థలతో కలపాలి. అంతకుముందు వచ్చిన సలహాదారు ఒకరు “ఇదంతా తీసేసి కొత్తది కొనుక్కోండి” అని పెద్ద అంచనా ఒకటి ఇచ్చి వెళ్లారట. యజమానికి ఆ మొత్తం చూసి కాదు, ఆ మార్పు జరిగే నెలల్లో సరుకు ఎట్లా పంపాలా అని గుబులు పట్టుకుంది.

పెనుకొండలో దిగగానే కొండ ఎదురవుతుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపిని వదిలిన విజయనగర పాలకులు ఈ కొండ కిందికే రాజధానిని మార్చుకున్నారు. స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిని ఆటో ఎక్కాను. 44వ నంబరు జాతీయ రహదారి మీదికి రాగానే ఎర్రనేల, శెనక్కాయ చేలు, వాటి మధ్య ఉన్నట్టుండి కొరియా అక్షరాల బోర్డులు. 2017 ఏప్రిల్‌లో కియా ఒప్పందం కుదిరేదాకా ఎర్రమంచి పేరు చుట్టుపక్కల మండలాలు దాటి ఎవరికీ తెలియదు. 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, హంద్రీ-నీవా మీది గొల్లపల్లి జలాశయం నుంచి నీళ్లు. 2019 ఆగస్టులో సెల్టోస్ కార్లు మార్కెట్‌కు వచ్చాయి. 2023 జూలైలో పది లక్షలవ కారు ఇక్కడినుంచే బయటికి వచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యమంటే, ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా రాత్రింబగళ్లు నడిచినా రెండు నిమిషాల లోపే ఒక కారు తయారవ్వాలి. ఇలాంటి చోట విడిభాగాల కంపెనీకి గోడౌన్ నిండా సరుకు పెట్టుకునే వీలుండదు. అడిగిన పూట అడిగినన్ని పంపాలి. ఒక్క బిల్లు ఆగితే లారీ ఆగుతుంది, లారీ ఆగితే అవతలి షాపు ఫ్లోర్‌లో మనుషులు చేతులు కట్టుకుని నిలబడాలి.

నన్ను పిలిచిన కంపెనీ ఈ ప్రాంతానికి కొత్తదేమీ కాదు. హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడలో చిన్న షెడ్డుగా మొదలై, కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఇటు మారింది. మిషన్లు మారాయి, షెడ్డు మారింది, అకౌంటెంటూ బిల్లుల ప్రోగ్రామూ మాత్రం మారలేదు. అకౌంటెంటు అరవైకి దగ్గర పడిన పెద్దాయన. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించి, తన కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి మొదటి మాటే ఇట్లా అన్నాడు: “సార్, మీరేమన్నా చేసుకోండి, దీన్ని మాత్రం నిలపొద్దండి. ఇది ఆడుతాంటేనే కంపెనీ ఆడుతాంది.”

తెర మీద నీలం రంగు మెనూ. మౌస్‌తో పని లేదు. పెద్దాయన వేళ్లు బాణం గుర్తుల మీద, ఎంటర్ మీద నడిచే వేగం చూస్తే ఏ కొత్త సాఫ్ట్‌వేరూ ఆయనకు అంత తొందరగా బిల్లు రాసి ఇవ్వలేదనిపించింది. హిందూపురంలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన ఒక కుర్రవాడు రాసిచ్చిన ప్రోగ్రాము అది. ఆ కుర్రవాడు ఆ తర్వాత ఊరు వదిలి వెళ్లిపోయాడు. మైక్రోసాఫ్ట్ ఫాక్స్‌ప్రో ఆఖరి వెర్షన్ 2004లో విడుదల చేసి, 2015 జనవరితో దానికి సాయం పూర్తిగా ఆపేసింది. అంటే ఈ ప్రోగ్రాముకు పుట్టించినవాడూ దిక్కు లేడు, పనిముట్టు చేసినవాడూ దిక్కు లేడు. అయినా రోజూ నడుస్తోంది. కరెంటు పోయి ఇండెక్స్ ఫైలు చెడితే దాన్ని తిరిగి కట్టుకోవడం పెద్దాయనకు వచ్చు. తన నోటుబుక్కులో ఆ నాలుగు ఆదేశాలూ రాసి పెట్టుకున్నాడు.

ఫైళ్లు తెరిచి చూస్తూ కూర్చున్నాను. ఒక్కో టేబుల్లో మన రాష్ట్ర పన్నుల చరిత్ర పొరలు పొరలుగా ఉంది. ఒక కాలమ్ వ్యాట్‌కు ముందున్న అమ్మకపు పన్ను ఏపీజీఎస్టీ రోజులది. పక్కనే 2005 ఏప్రిల్లో వ్యాట్ వచ్చాక చేర్చిన కాలమ్. కొనుగోలుదారుల టిన్ నంబర్లు 28తో మొదలవుతున్నాయి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కోడ్ అది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37 వచ్చాయి. పాత నంబర్లను చెరిపేయకుండా పెద్దాయన వ్యాఖ్యల గడిలో కొత్తవి చేర్చుకున్నాడు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు వ్యాట్ గడిలోనే సీజీఎస్టీ, పాత కేంద్ర అమ్మకపు పన్ను గడిలో ఐజీఎస్టీ పెట్టి నెట్టుకొచ్చారు. జిల్లా పేరు ఇంకా అనంతపురమే. 2022 ఏప్రిల్లో శ్రీ సత్యసాయి జిల్లా అయిన సంగతి ఆ ఫైలుకు తెలియదు. ఇన్ని మార్పుల్లోనూ ఒక్క నెల కూడా బిల్లులు ఆగలేదంటే అది చిన్న విషయం కాదు. ఆ పెద్దాయన పనితనానికి నాకు చాలా గౌరవం కలిగింది.

ఈ-ఇన్వాయిస్ దగ్గరే బండి ఆగింది. 2020 అక్టోబరులో ఏటా 500 కోట్లు దాటిన కంపెనీలతో మొదలైన ఈ నిబంధన, ఏడాదికేడాది కిందికి దిగుతూ 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన వాళ్లకూ వర్తిస్తోంది. బిల్లు వివరాలను జేసన్ అనే రూపంలో పోర్టల్‌కు పంపాలి. పోర్టల్ దాన్ని తనిఖీ చేసి 64 అక్షరాల గుర్తింపు సంఖ్య, క్యూఆర్ కోడ్ ఇస్తుంది. ఆ కోడ్ లేని బిల్లు చెల్లదు. పాత ప్రోగ్రాముకు ఇంటర్నెట్ అంటే ఏమిటో తెలియదు కాబట్టి, ఇక్కడ బిల్లు కొట్టి, అదే బిల్లును మళ్లీ పోర్టల్లో చేత్తో టైపు చేస్తున్నారు. రాత్రి షిఫ్టులో ఆ పని ఒక కుర్రవాడిది. లారీ డ్రైవరు కిటికీ దగ్గర నిలబడి తొందర పెడుతుంటే లారీ నంబర్లో ఒక అంకె అటూ ఇటూ అవుతుంది. దారిలో అధికారులు ఆపితే ఆ ఒక్క అంకెకే సరుకంతా నిలిచిపోతుంది.

దీనికి నేను ఎంచుకున్న దారి సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్. ఆ పేరును 1996లో గార్ట్‌నర్ సంస్థ విశ్లేషకులు వాడుకలోకి తెచ్చారు. తర్వాత పెద్ద కంపెనీలన్నీ దాని చుట్టూ బరువైన సాఫ్ట్‌వేర్లు అమ్మాయి. చాలామంది కోట్లు పోసి కొని, ఎందుకు కొన్నామో తెలియక కూర్చున్నారు. అందులోని అసలు ఆలోచన మాత్రం ఎర్రమంచి షెడ్డులో కూడా పనికొచ్చేంత సాదాది. ఒక్కో పనికి ఒక్కో సర్వీసు. దాన్ని ఏం అడగాలి, అది ఏం జవాబిస్తుంది అన్నది ముందే రాసుకున్న ఒప్పందం. లోపల అది ఫాక్స్‌ప్రో అయినా, జావా అయినా అడిగేవాడికి అనవసరం. బిల్లును పోర్టల్‌కు పంపేది ఒక సర్వీసు, ఈ-వే బిల్లు తీసేది ఒకటి, క్యూఆర్ కోడ్‌తో ముద్రించేది ఒకటి, సరుకు బయలుదేరిందని కొనుగోలుదారుకు తెలిపేది ఇంకొకటి. పాత ప్రోగ్రాము తన బిల్లు తాను రాసుకుంటుంది. మా మధ్యవర్తి ప్రోగ్రాము దాని ఫైలును చదువుతుంది తప్ప అందులో ఒక్క అక్షరం రాయదు. ఇది నేను పెట్టిన మొదటి షరతు. పెద్దాయన అది విన్నాకే నిమ్మళంగా ఊపిరి తీసుకున్నాడు.

ఇక అసలు కథ బిల్లుల్లో ఉంది. పాత బిల్లులు కొన్ని తీసి పోర్టల్ పరీక్షా విభాగానికి పంపితే మొదటి దెబ్బకే తిరిగొచ్చాయి. పాత ప్రోగ్రాము బిల్లు నంబర్లకు ముందు సున్నాలు పెడుతుంది, 000457 అన్నట్టు. పోర్టల్ సున్నాతో మొదలయ్యే నంబరును ఒప్పుకోదు, 16 అక్షరాలు మించనివ్వదు. పాత ప్రోగ్రాములో నంబరు మార్చితే దాని వెనక ఉన్న లెక్కలన్నీ కదులుతాయి. అందుకని మధ్యవర్తి దగ్గరే నంబరు ముందు ఒక అక్షరం చేర్చి, ముద్రించే కాగితం మీదా అదే నంబరు వచ్చేట్టు చేశాం. ముద్రణ పని ఎలాగూ కొత్త సర్వీసుది కాబట్టి ఇబ్బంది లేదు. తర్వాత హెచ్ఎస్ఎన్ కోడ్. మోటారు వాహనాల విడిభాగాలది 8708తో మొదలవుతుంది. 5 కోట్లు దాటినవాళ్లు 6 అంకెలు వేయాలి. పాత ఫైల్లో గడి వెడల్పే నాలుగు. దాన్ని సాగదీయకుండా, ఏ వస్తువుకు ఏ 6 అంకెలో చెప్పే పట్టిక బయట పెట్టాం. ఆ పట్టిక నింపడానికి పెద్దాయన, స్టోర్సు చూసే అమ్మాయి ఒక మధ్యాహ్నం అంతా కూర్చున్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక బిల్లు. అందులో సరుకు పేరు లేదు, ధర సున్నా, కోడ్ 99. ప్రోగ్రాము కోడ్‌లో ఆ 99 గురించి ఒక్క ముక్క లేదు. పెద్దాయనను అడిగాను.

“99 అంటే ఖాళీ పెట్టెలు సార్. సరుకుతో పాటు ప్లాస్టిక్ పెట్టెలు పోతాయి గదా, అవి అమ్మేటివి కాదు. మళ్లా మనకే రావల్ల. లెక్క తప్పకూడదని దాన్ని బిల్లు మాదిరే కొడతాండాము.”

“ఇది ఎక్కడన్నా రాసి పెట్టారా?”

“యాడా రాయలేదప్పా. నా మతిలోనే ఉండాది.”

ఆ ఒక్క మాట విననట్టయితే ఖాళీ పెట్టెలు కూడా ఇన్వాయిస్‌గా పోర్టల్‌కు పోయేవి. వాటికి వెళ్లాల్సింది డెలివరీ చలానా. సలహాదారు చెప్పినట్టు పాతది పారేసి కొత్తది పెట్టి ఉంటే, మొదటి నెలాఖరున వేల పెట్టెలు ఎవరి దగ్గర ఉన్నాయో ఎవరికీ తెలిసేది కాదు. ఇలాంటి నియమాలు ప్రతి పాత ప్రోగ్రాము వెనకా ఉంటాయి. సగం కోడ్‌లో, సగం దాన్ని నడిపే మనిషి జ్ఞాపకంలో. ఆ రోజు నుంచి నేను కోడ్ చదవడం తగ్గించి పెద్దాయన పక్కన కుర్చీ వేసుకున్నాను. ఆయన బిల్లు కొడుతుంటే ఎందుకు అక్కడ ఆగాడో, ఎందుకు ఆ మీట నొక్కాడో రాసుకున్నాను. ఫలానా కొనుగోలుదారుకు రవాణా ఖర్చు విడిగా వేయకూడదు, ఫలానా వాళ్లకు పైసలు గుండ్రం చేయకూడదు, నెలాఖరు రాత్రి కొట్టిన బిల్లుకు మర్నాటి తేదీ పడకూడదు. రాసుకున్న కాగితాలే చివరికి మా సర్వీసులన్నిటికీ పునాది అయ్యాయి.

మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకున్నప్పుడు మాట మీసేవ మీదికి మళ్లింది. పిల్లవాడి ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులు పెద్దాయనకు గుర్తున్నాయి. రిజిస్ట్రేషన్ శాఖ 1998లోనే ‘కార్డ్’ పేరుతో కంప్యూటర్లు తెచ్చుకుంది. రెవెన్యూ శాఖకు దాని ఫైళ్లు దానివి. 2011 నవంబరు 4న చిత్తూరు జిల్లాలో మీసేవ మొదలైనప్పుడు ఆ రెండు శాఖలవే పది సేవలు. శాఖల లెక్కలు శాఖల దగ్గరే ఉండి, కౌంటర్ దగ్గరి మనిషికి ఒక్కటిగా కనిపించాయి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయంటే, ముందు వేసిన ఆ పొర లేకపోతే అది సాధ్యమయ్యేది కాదని నా నమ్మకం. పెద్దాయన ఫోన్ తీసి చూపించాడు. ధ్రువపత్రాన్ని వాళ్ల అబ్బాయి ఇప్పుడు అందులోనే అడుగుతున్నాడట.

ఒక్కసారిగా అంతా మార్చేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి యజమానికి బ్రిటన్ బ్యాంకు టీఎస్‌బీ సంగతి చెప్పాను. 2018 ఏప్రిల్లో ఆ బ్యాంకు ఒక వారాంతంలో ఖాతాదారులందరినీ కొత్త వ్యవస్థలోకి మార్చింది. సోమవారానికి 19 లక్షల మంది దాకా తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు దానికి 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. ఇలా ఒక్కసారిగా మార్చడానికి విరుగుడుగా, పాతది నడుస్తుండగానే దాని చుట్టూ కొత్తదాన్ని కొంచెం కొంచెంగా పెంచే పద్ధతి ఒకటి ఉంది. సాఫ్ట్‌వేర్ నిపుణుడు మార్టిన్ ఫౌలర్ 2004లో దానికి ఆస్ట్రేలియా అడవుల్లోని ఒక జాతి మర్రి పేరు పెట్టాడు. మన పొలాల గట్ల మీదా అలాంటిది కనిపిస్తుంది. తాటిచెట్టు తలమీద పక్షి వేసిన గింజ మొలిచి, ఊడలు కిందికి దింపి, నేలను పట్టుకుని, ఏళ్లు గడిచాక తాటిచెట్టు లేకపోయినా మర్రి నిలబడుతుంది. ఆ మధ్య కాలమంతా తాటిచెట్టు కూడా బతికే ఉంటుంది. యజమానికి కావలసిన హామీ ఇదే. పాతది ఎప్పుడు పోవాలో ఇప్పుడే తేల్చనక్కర లేదు.

నిజమైన బిల్లులతో నడిపిన మొదటి రాత్రి నేను కూడా షెడ్డులోనే ఉన్నాను. తొమ్మిది దాటాక ఇంటర్నెట్ పోయింది. సరిగ్గా ఒక బిల్లు పోర్టల్‌కు వెళ్లి, జవాబు ఇంకా రాకముందు పోయింది. రాత్రి షిఫ్టు కుర్రవాడి ముఖం పాలిపోయింది. బిల్లు చేరిందా లేదా తెలియదు. మళ్లీ పంపితే రెండు బిల్లులు అవుతాయేమోనని భయం. లైను రాగానే మా సర్వీసు దాన్నే తిరిగి పంపింది. పోర్టల్ నుంచి 2150 అనే లోపం సంఖ్య వచ్చింది, అంటే ఇదే బిల్లు ఇంతకుముందే నమోదైందని. ఆ 64 అక్షరాల సంఖ్యను అమ్మేవాడి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు కలిపి లెక్కగడతారు. కాబట్టి అదే బిల్లును ఎన్నిసార్లు పంపినా అదే సంఖ్య వస్తుంది, రెండోది పుట్టదు. మా సర్వీసు ఆ 2150ని వైఫల్యంగా లెక్కగట్టలేదు. మొదటి సంఖ్యనే తీసుకుని క్యూఆర్ కోడ్ ముద్రించి, ఈ-వే బిల్లు అడిగింది. కుర్రవాడు కాగితం పట్టుకుని గేటు వైపు పరుగెత్తాడు. నెట్‌వర్క్ తెగుతుందన్న ఎరుకతో కట్టని సర్వీసు ఇలాంటి ఊళ్లలో ఒక్క పూట కూడా నిలవదు. ఒక్కో అభ్యర్థననూ జవాబు వచ్చేదాకా వరుసలో దాచుకోవాలి, ఒకే పనిని రెండుసార్లు అడిగినా ఒకసారే జరగాలి. మిగతా హంగులు ఉన్నా లేకపోయినా ఈ రెండు తప్పనిసరి.

తిరుగు ప్రయాణంలో రైలు వదిలి, కంపెనీ లారీ వెనకే యజమాని కారులో హైవే మీద బయలుదేరాను. సోమందేపల్లి దాటాక పాలసముద్రం దగ్గర కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ ప్రాంగణం కనిపిస్తుంది. 2024 జనవరి 16న ప్రధాని ప్రారంభించారు. ఏ పన్ను బిల్లుల కోసం మేము రాత్రిళ్లు మేలుకున్నామో ఆ పన్నును చూసే అధికారులు చదువుకునే చోటు అదే. ఇంకొంత ముందుకు పోతే కొడికొండ చెక్‌పోస్టు. జీఎస్టీకి ముందు పన్ను కాగితాల కోసం లారీలు వరుసలు కట్టి నిలబడిన సరిహద్దు ఇది. ఇప్పుడు 50 వేల రూపాయలు దాటిన సరుకుకు ఇన్వాయిస్‌తో పాటు ఈ-వే బిల్లు ఉంటే చాలు, 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున అది చెల్లుతుంది. మా ముందు లారీ ఆగకుండా బాగేపల్లి వైపు సాగిపోయింది. ఆ బిల్లు పుట్టింది ఫాక్స్‌ప్రోలోనే.

దారిలో యజమాని ఒక మాట అడిగాడు, రెండేళ్లలో కొత్త సాఫ్ట్‌వేర్ కొంటే ఇదంతా వృథా అవుతుందా అని. కాదు. సర్వీసులు అడిగేది బిల్లును, ఫాక్స్‌ప్రోను కాదు. రేపు కొత్తది వస్తే అదే ఒప్పందం ప్రకారం బిల్లు ఇస్తుంది, మిగతావి ఉన్నచోటే ఉంటాయి. గేటు దగ్గర సెక్యూరిటీ కోసం ఫోన్ యాప్ చేయించాలనుకున్నా అదే సర్వీసును అడుగుతుంది.

పెద్దాయనకు ఉద్యోగ విరమణ దగ్గర పడింది. మన జిల్లాల్లో పరిశ్రమల్లోనూ, సహకార సంఘాల్లోనూ, ధర్మవరం పట్టుచీరల దుకాణాల్లోనూ ఆయనలాంటివాళ్లు ఎందరో ఉన్నారు. మీ సంస్థలో అలాంటి ప్రోగ్రాము ఉంటే, కొత్త సాఫ్ట్‌వేర్ కంపెనీల కొటేషన్లు పిలవడానికి ముందు దాన్ని నడిపే మనిషి పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఆయన చెప్పే ప్రతి నియమాన్నీ తేదీ వేసి రాయించండి. ఆ పనికి ఆయనకు జీతం కాక వేరే డబ్బు ఇవ్వండి, అది ఆయనకు న్యాయంగా రావలసిందే.